నీటిపిల్లి పిన్ని పెళ్లి

మెక్సికో నగరంలో కార్టూన్ అమ్మలందరికీ ఎలోడియాదే గొంతు. ఎలుగుబంటి అమ్మ, కుందేలు అమ్మ, ఆఖరికి రైలింజను అమ్మ కూడా ఆమె నోటితోనే పిల్లల్ని కసిరారు.

ఈసారి స్పానిష్ డబ్బింగుకి వచ్చింది నీటిపిల్లుల కుటుంబం: ఇద్దరు అమ్మలు, ఒక పిల్ల. ఛానల్ పెద్ద ఉరూతియా మొదటి భాగం చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇద్దరమ్మలా? పిల్లలు చెడిపోరూ! రెండోదాన్ని పిన్నిని చేసెయ్యండి."

"చివరిదాకా చూశారా సార్?" అంది ఎలోడియా.

"నువ్వు గొంతివ్వమ్మా, చాలు. లేదంటే ఇచ్చేవాళ్లు బోలెడుమంది."

ఆమె మైకు ముందుకెళ్లి పిన్ని అనే పలికింది. ఆ విద్య ఆమెకు కొత్త కాదు. ఏళ్ల తరబడి తనతో కాపురం చేస్తున్న చేలో అనే ఆవిడని స్టూడియోలో అందరికీ కజిన్ అని చెప్పుకున్నది తనే.

చివరి భాగంలో నీటిపిల్లి అక్కాచెల్లెళ్లు పెళ్లి చేసుకుని ముద్దు పెట్టుకున్నారు. మర్నాడు ఛానల్ ఫోన్లు హోరెత్తిపోయాయి.

"సొంత చెల్లెల్ని పెళ్లాడటమేంటయ్యా? పిల్లలకి నేర్పేది ఇదా!"

ఉరూతియా చెమటలు తుడుచుకుంటూ స్టూడియోకి పరిగెత్తుకొచ్చాడు. "ఎలోడియా, నా తల్లీ! మొదటినుంచీ మళ్లీ చెప్పెయ్. ఇద్దరూ అమ్మలే, శుభ్రంగా అమ్మలే!"

మళ్లీ చెప్పింది. పిల్లలెవరూ చెడిపోలేదు. అసలు వాళ్లకి తేడాయే తెలియలేదు.

క్రిస్మస్ ముందు స్టూడియోవాళ్ల పొసాద విందుకి చేలో కూడా వచ్చింది. నోట్లో తమాలే కుక్కుకుంటూనే ఉరూతియా పలకరించాడు. "మీరు ఎలోడియా కజిన్ కదూ?"

హాలంతా వినబడేలా, మైకు ముందు పలికే గొంతుతో ఎలోడియా అంది.

"అది పాత డబ్బింగ్ సార్. ఈవిడ మా ఆవిడ."