ఎండుగడ్డి రంగు పులి

పోయిన వారం నేను డోన్‌లో డ్యూటీకి బయలుదేరుతుంటే ఆత్మకూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "చిన్నాయన పోయినాడన్నా. పొద్దున కాఫీ తాగి కూచున్నోడు కూచున్నట్టే" అన్నాడు. బస్సెక్కాక కూడా చాలాసేపు నాకు ఏడుపు రాలేదు.

ఆయన మా నాన్న తమ్ముడు. అంగళ్లకు బోర్డులు రాసేవాడు. పీర్ల పండక్కి మొక్కుబడి ఉన్నవాళ్లు పులివేషం కడితే, వాళ్ల ఒంటికి రంగులు వేసేదీ ఆయనే. మీలో ఆ వేషం చూసినవాళ్లకు తెలుసు, రంగు ఆరేదాకా రెండు కర్రలు ఊతగా పట్టుకొని చేతులు చాపి నిలబడాలి. కాళ్లు పీకుతున్నాయంటే, "పులి అలిసిపోయినానని యాడన్నా చెప్తాదా అప్పా?" అనేవాడు. అంటూనే నోట్లో బెల్లం ముక్క పెట్టేవాడు.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, జ్వరం తగ్గితే వేషం కట్టిస్తానని అమ్మ మొక్కుకుంది. చిన్నాయన అందరికీ వేసినట్టే నాకూ బోర్డులకు వాడే ఆయిల్ పెయింటే వేశాడు. సాయంత్రం కిరసనాయిలుతో కడిగితే వీపంతా బొబ్బలెక్కింది. వారం రోజులు బోర్లా పడుకున్నాను. ఆయన రోజూ వచ్చి వీపు మీద అరటాకు పరిచి పోయేవాడు.

"దేవుని పని, నీ తప్పేముండాది" అని అమ్మ సర్దిచెప్పబోయింది.

"దేవుడు కిరసనాయిలు పుయ్యమన్యాడా వదినా?" అన్నాడు.

ఆ తర్వాత ఒంటికి ఆయిల్ పెయింట్ ముట్టించలేదు. ఎర్రమట్టి, పసుపు, సుద్ద, దీపం మసి తుమ్మబంకతో కలిపి మొదట తన చేతి మీదే పూసుకునేవాడు. ఆ చారల చేత్తోనే పోయి బోర్డులు రాసేవాడు. జనం నవ్వితే తనూ నవ్వేవాడు. కొన్ని రంగులు చెమటకు కారిపోయేవి, కొన్ని ఎండి పెళ్లలుగా రాలేవి. ఆ ఎండాకాలం తెలిసిన ఫారెస్టు వాచర్ వెంట నల్లమలకు పోయి రెండు రోజులుండి వచ్చాడు.

"పులి కనపడిందా?" అని అడిగాను.

"లేదు. అది పండుకునే చోటు కనపడింది" అంటూ సంచిలోంచి ఎండుగడ్డి, రాలిన వెదురాకులు, వాగులోని తెల్ల గులకరాళ్లు తీశాడు. "ఇన్నాళ్లూ క్యాలెండరు పులిని గీస్తాంటిని. ఆ చారలు గడ్డి నీడలు నాయనా. పులి అడివిని కప్పుకొని తిరుగుతాది."

మరుసటి పండక్కి ఆ కొత్త రంగులకు ఎవరూ ముందుకు రాలేదు. నేను వస్తానన్నాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బ్రష్షు పట్టుకున్నాక కూడా చిన్నాయన, "భయమైతే ఇప్పుడే చెప్పు. సిగ్గుపడొద్దు" అన్నాడు. భయం ఉండింది. అయినా కర్రలు పట్టుకొని చేతులు చాపాను. ఐదు గంటలు వేశాడు. వీపుకు ఎండుగడ్డి రంగు, కడుపుకు వాగురాళ్ల తెలుపు. చారలు బోర్డు మీద గీతల్లా లేవు. ఒక్కొక్కటి సన్నగా మొదలై, వెడల్పై, మధ్యలో తెగిపోయేది.

తప్పెట్లు మోగాయి. ఎప్పటి పసుపుపచ్చ రంగు లేదని కొందరు పెదవి విరిచారు. నుదుటి రంగు చెమటకు నా కళ్లలోకి దిగింది. అడివి అంచు పల్లె నుంచి వచ్చిన గొర్లకాపరి ఒకాయన మాత్రం నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇట్లనే ఉంటాది. గడ్డిలోంచి లేసేదాకా తెలీలే నాకు" అన్నాడు. చిన్నాయన ఆయన్ని పక్కకు తీసుకుపోయి, చెవి కింద చార ఎటు తిరుగుతుందో అడగడం మొదలుపెట్టాడు.

ఊరేగింపు అయ్యాక నా వీపు తనే నీళ్లు పోసి కడిగాడు. "మండుతాండాదా?" అని మూడుసార్లు అడిగాడు. లేదన్నాను. అప్పుడు బావిగట్టు మీద కూర్చొని మొహం తుండుగుడ్డలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు మా వైపు చాలామంది ఆ మట్టిరంగులే వాడుతున్నారు. అడిగిన ప్రతివాడికీ ఆయన రంగులు కలిపే పాళ్లు చెప్పేవాడు. ఆ రోజు నేను ఊరు చేరేసరికి, ఆయన చేతిలో పులులైనవాళ్లే పాడె మోయడానికి నిలబడి ఉన్నారు. నేనూ భుజమిచ్చాను.

ఆయనతో నేను ఆఖరిసారి మాట్లాడింది రెండు నెలల కిందట. పిట్టగోడ మీద, వేపచెట్టు నీడలో చారల పిల్లి ఒకటి నిద్రపోతోంది. చిన్నాయన కుర్చీ దగ్గరకు జరుపుకొని దాన్నే చూస్తున్నాడు.

"ఏం చూస్తాండావు చిన్నాయనా?"

"మెల్లగ మాట్లాడు. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కాడ చార ఎట్ల కదుల్తాదో చూస్తాండా. ఇన్నేండ్లయినా అది నాకు రాలే."

నేనూ పక్కన కూర్చున్నాను. ఆకుల నీడ పిల్లి మీద అటూ ఇటూ ఊగింది. అది ఒక కన్ను తెరిచి మా ఇద్దర్నీ చూసి, మళ్లీ మూసుకుంది.