ఖాదర్ భాయ్ కంప్యూటర్‌ని నేను పరిగెత్తించిన శుక్రవారం

సిడ్నీలో, హారిస్ పార్క్‌లో, ఒక చలికాలం మధ్యాహ్నం మా బిల్డింగు జనమంతా ఇంటి బట్టలతో వానలో రోడ్డు మీద నిలబడ్డారు. అందుకు కారకుణ్ణి నేనే. నేను ఏదో తగలబెట్టానని బిల్డింగంతటికీ తెలుసు. తగలబడింది ఏమిటో మాత్రం నాకు అందరికన్నా చివర తెలిసింది.

అవి వై టూ కె రోజులు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ చతికిలబడతాయని దేశదేశాలు హడలిపోతుంటే, పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడానికి భీమవరం నుంచి నన్ను పిలిపించారు. విమానం ఎక్కించి మరీ తెప్పించుకున్నారు కనుక కంప్యూటరన్నది నా మాట వినితీరుతుందని నా నమ్మకం. నిజానికి అప్పటిదాకా నేను ఒక్క కంప్యూటర్ మూత కూడా విప్పి చూడలేదు.

నాతో ఫ్లాట్ పంచుకున్న ఖాదర్ భాయ్‌ది కడప. యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తూ, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్ మీద థీసిస్ రాస్తున్నాడు. అది ఎంత నిదానమంటే, ఫైలు తెరవమని చెప్పి టీ పెట్టుకుని వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది.

"దీని నడక చూస్తే నాకు ముసలితనం వచ్చేట్టుందప్పా," అన్నాడు ఓ రోజు.

నా బుర్రలో పురుగు తొలిచింది అప్పుడే. మా ఆఫీసులో గ్రెగ్ అని ఒకతనికి ప్రాసెసర్లని కంపెనీ చెప్పిన వేగం కన్నా ఎక్కువగా పరిగెత్తించే సరదా ఉంది. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారట. అడిగితే ఓపిగ్గా చెప్పాడు. ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట దాచుకోవాలి. వేగం ఒక్క మెట్టే పెంచి, గంటలకొద్దీ నడిపి, వేడి చూసుకుని, ఆ తర్వాతే ఇంకో మెట్టు. పాత మెమరీ అయితే మరీ జాగ్రత్త, ప్రాసెసర్ తట్టుకున్నా అది తట్టుకోలేదు.

ఇదంతా విని నేను నేర్చుకున్నది "వేగం పెంచాలి" అన్న ముక్క ఒక్కటే.

శుక్రవారం నాకు సెలవు. ఖాదర్ భాయ్ నమాజుకి బయల్దేరాడు. అతను వచ్చేలోపు కంప్యూటర్‌ని గుర్రంలా చేసి ఆశ్చర్యపరుద్దామని, స్టవ్ మీద పప్పు పడేసి పనిలోకి దిగాను. మెమరీ సెట్టింగులన్నీ ఉన్నవాటిలోకెల్లా వేగమైనవి పెట్టేశాను. ఆపి, మూత విప్పి, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే జంపర్ అనే అగ్గిపుల్ల తలంత బిళ్లని అరవై ఆరు నుంచి నేరుగా వంద మీదకి మార్చాను. మధ్యలో ఉన్న మెట్లు చేతకానివాళ్ల కోసం అనుకున్నాను.

స్విచ్ వేశాను. తెర నల్లగా ఉండిపోయింది. లోపల్నుంచి ఆసుపత్రి మిషన్‌లా కూత మొదలైంది. బీప్. బీప్. బీప్.

దాన్లో థీసిస్ ఉంది. సోమవారం ఇవ్వాల్సిన థీసిస్. అది ఇవ్వకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే వీసా లేదు. నా కళ్ల ముందు ఖాదర్ భాయ్ కడప బస్సు దిగుతున్నాడు.

అంతలో మాడు వాసన.

ప్లగ్ పీకేశాను. వాసన పెరిగింది. వంగి నోటితో ఊదాను. వెనక నుంచి పొగ కూడా వచ్చి నన్ను చుట్టేసింది. కరెంటు లేకుండా కూడా కాలుతోందంటే లోపల ఏం జరుగుతోందో! ఎదురు ఫ్లాట్ లెబనీస్ పెద్దావిడ తలుపు బాది, పొగ చూసి, ఫైరింజన్‌కి ఫోన్ చేసి, బిల్డింగంతటినీ కేకేసి కిందికి దింపింది. నేను డబ్బాని చంటిపిల్లాడిలా ఎత్తుకుని మెట్లు దిగి రోడ్డు మీద పడ్డాను.

"లోపల ఎవరైనా ఉన్నారా మేట్?" అడిగాడు ఫైర్‌మన్.

"లేరు సార్. నిప్పు లోపల లేదు. ఇదుగో, ఇందులో ఉంది."

అతను గ్లవ్ తీసి డబ్బా మీద చెయ్యి పెట్టాడు. నా ముఖం చూశాడు. "ఇట్స్ కోల్డ్, మేట్," అన్నాడు చాలా మెల్లగా, రోగితో మాట్లాడినట్టు. ఇంకొకతను నల్లటి గిన్నె ఒకటి చేతిదూరాన పట్టుకుని కిందికొచ్చాడు. అడుగున బొగ్గులా నా కందిపప్పు.

సరిగ్గా అప్పుడే సందు మలుపులో ఖాదర్ భాయ్ టోపీ కనిపించింది. ఫైరింజన్, వానలో జనం, మధ్యలో చెప్పుల్లేకుండా తన కంప్యూటర్‌ని కౌగిలించుకున్న నేను.

"ఏం శీనా, ఏం చేసినావ్?"

"భాయ్, నీ థీసిస్‌ని చంపేశాను."

తిట్టి ఉంటే ప్రాణం కుదుటపడేది. అతను డబ్బా తీసుకుని పైకి నడిచాడు, నేను దోషిలా వెనకాల. నేను చేసినదంతా చెప్పించుకుని జంపర్ వెనక్కి మార్చాడు. నా సెట్టింగులు పోవడానికి లోపలి చిన్న బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టాడు. ఆ కాసేపట్లో నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుని, తెలియనివాళ్ల పేర్లు అతన్నే అడుగుదామా అనుకున్నాను.

తెర వెలిగింది. బ్యాటరీ తీసినందుకు తేదీ మాత్రం పంతొమ్మిది వందల ఎనభై, జనవరి ఒకటికి వెళ్లిపోయింది.

"తేదీలు సరిచేసేదే కదా నీ ఉద్యోగం?" అన్నాడు ఖాదర్ భాయ్. "బాగా చేసినావ్."

"అది పోనీ భాయ్. థీసిస్ ఉందా?"

తీరిగ్గా ఫైలు తెరిచాడు. ఎప్పటి నిదానమే. చివరికి ఒక్క అక్షరం చెదరకుండా వచ్చింది. నేను కుర్చీలో కూలబడ్డాను.

"ఇది నిన్ననే యూనిలో ఇచ్చేసొచ్చినా," అన్నాడు.

"మరి రోడ్డు మీదే చెప్పొచ్చుగా భాయ్?"

"చెబుదామనే అనుకున్నా. నువ్వు వణికేది చూసి, ఇంకా రోంతసేపు చూద్దామనిపించింది."

అక్కడే, ఆ మాడు కంపులో, కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఇకపై ఈ శరీరంలో ఊపిరి ఉన్నంతవరకు, ఎవరి కంప్యూటర్ ఎంత నత్తనడక నడిచినా, అది తెరుచుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాను. పొరపాటున మూత విప్పాల్సివస్తే, ముందు వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపుతాను.