కొత్తవలస స్టేషన్లో నీలి గోళ్లు

అరవైల చివర్లో, నాకు పదకొండేళ్లప్పుడు, కొత్తవలస స్టేషన్లో అమ్మతో రైలెక్కబోతూ ఆయాసంతో ప్లాట్‌ఫారం మీదే గొంతుక్కూర్చుండిపోయాను. పుట్టుకతోనే నా గుండెలో లోపం ఉంది. పెద్దయ్యాక ఆపరేషన్ అయ్యేదాకా, కాస్త నడిస్తే చాలు, పెదాలూ గోళ్లూ నీలంగా మారిపోయేవి.

"ఏటమ్మా, పిల్లకి గాలి సోకిందేటి? అవతలికి తీసుకుపో" అన్నాడు పక్కనున్న పెద్దమనిషి. అమ్మ గబుక్కున నా ముఖం మీద కొంగు కప్పింది.

ఎవరో పాతికేళ్లావిడ వచ్చి నా పక్కనే గొంతుక్కూర్చుంది. ఆ కొంగు తీసేసి, తన చెయ్యి నా చేతి పక్కన పెట్టింది. ఆవిడ గోళ్లూ నీలమే! నాలాంటి మనిషిని చూడడం నాకదే మొదలు.

"గాలీ లేదు, దెయ్యమూ లేదు బాబూ" అంది ఆయనతో. "రగతం ఒంట్లోని సెడ్డగాలిని ఊపిరితిత్తుల్లో దించేసి, మంచిగాలి ఎత్తుకుని ఎర్రగా వస్తాది. మా గుండెలో కన్నమున్నాది. కొంత రగతం ఊపిరితిత్తులకి ఎల్లకుండానే ఒంట్లోకి మళ్లిపోతాది. అందుకే ఈ రంగు. డాట్రుగారు సెప్పినారు. సూడాలనుంటే సరిగ్గా సూడు."

ఆయన తల తిప్పుకున్నాడు.

"ఆయాసమొస్తే కూకో. తగ్గినాక లెగు. ఎవులికోసమూ మొగం దాసుకోకు" అని నాతో చెప్పి, ఆవిడ తన రైలెక్కి వెళ్లిపోయింది. ఆవిడ పేరైనా నేనడగలేదు.

ఆ ఏడు బడి తెరిచాక మేష్టారు, "అంత దూరం నడవలేవు, ఇంటి దగ్గరే ఉండిపో అమ్మా" అన్నారు.

"మధ్యమధ్యన కూకుంటానండీ. రావడం మాత్రం మాననండీ" అన్నాను.