కదిరమ్మత్త బయటున్న రోజు

మొన్న పెనుకొండలో ఒక పెళ్లికి పోతే చేతిలో తాంబూలం పెట్టారు. తడిగోనెలోంచి అప్పుడే తీసినట్టున్నాయి తమలపాకులు. ఆ పచ్చి ఘాటు ముక్కుకు తగలగానే ఆకులు పక్కావిడకు ఇచ్చేశాను. ఆ వాసనకు అందరికీ పెళ్లిళ్లు గుర్తొస్తాయి, నాకు కదిరమ్మత్త గుర్తొస్తుంది.

తొంభైల చివర్లో హిందూపురంలో మా వీధి వెనక, పడగొట్టిన ఇళ్ల మట్టీ రాళ్లూ పోసే ఖాళీ జాగా ఒకటి ఉండేది. దాన్ని కూరగాయల తోటకు ఇమ్మని మునిసిపాలిటీని అడుగుదామని ఆడవాళ్లను పోగుచేసి సంఘం పెట్టించింది కదిరమ్మత్త. చిలమత్తూరు వైపు పల్లెలో మొగుడు పోయాక గొర్రెలు అమ్ముకుని మా వీధికి వచ్చిన మనిషి. నాకు చుట్టమేమీ కాదు, వీధంతటికీ అత్తే. నేను కాలేజీ నుంచి రాగానే, "మన్నంటితే చదువేం పోదులే పాపా, రా" అని రాళ్లు ఏరడానికి పిలిచేది. జాగా చేతికొచ్చాక ఆడవాళ్లే బిందెలతో నీళ్లు మోసి వంకాయలు, చిక్కుళ్లు, గోంగూర పండించారు. అన్నాళ్లూ ఒక్క మగవాడు అటు తొంగిచూసిన పాపాన పోలేదు.

తర్వాత బోరు పడింది. నీళ్లతోపాటు మగవాళ్లూ వచ్చారు. సంఘానికి అధ్యక్షురాలు లక్ష్మీదేవక్క. వీధిలో ప్రెసిడెంటని పిలిచేది మాత్రం ఆమె మొగుడు నాగప్పను. కరెంటాఫీసులో మాట్లాడాలంటే మగవాళ్లుండాలంటూ మొగుళ్లంతా కలిసి కమిటీ అయ్యారు. మోటారు గది తాళంచెవి నాగప్ప మొలతాడుకు చేరింది. ఆ పైన గేటు దగ్గర్నుంచి కాలువ పొడుగునా అవిసె చెట్లు పెట్టి తమలపాకు తీగలు పాకించారు. మా వైపు నెలసరిలో ఉన్న ఆడదాన్ని బయటుందంటారు. బయటున్నవాళ్లు ఆకుతోటలో అడుగుపెడితే తీగ మాడిపోతుందని నమ్మకం. ఎవరు ఎప్పుడు బయటుంటారో ఎవరికి తెలుసు, అసలు ఆడవాళ్లు రాకపోతేనే మంచిదని కమిటీ తేల్చేసింది. ఎంత మర్యాదగా గెంటేశారో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు పొద్దున ఆడవాళ్లందరం గంపలతో గేటు ముందు నిలబడ్డాం. నాగప్ప అత్తకు మాత్రం దారి ఇచ్చాడు.

"నీకు అడ్డం లేదులే కదిరమ్మా. నీకు ఎప్పుడో నిలిచిపోయిండాది కదా. నువ్వొక్కదానివే లోపలికొచ్చి కోసి, వీళ్లకు పంచు" అన్నాడు.

అత్త కొంగు నడుముకు దోపుకుంది.

"నేను ఈ పొద్దు బయటుండా నాగప్పా" అని, రెండు చేతులా తీగల్ని తాకుకుంటూ లోపలికి నడిచింది.

యాభై దాటిన మనిషి ఆ మాటంది. వెనకే అందరూ వస్తారనుకుంది కాబోలు, వంగతోట దగ్గర ఆగి తిరిగి చూసింది. మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్కరూ కదల్లేదు.

ఆ ఎండాకాలం బోరు ఎండింది, తీగలు మాడాయి. నింద అత్త మీద పడింది. వేసినవాళ్లలో ఆమెతో రాళ్లు మోసినవాళ్లే ఎక్కువ. "ఆయమ్మ ఒక్కతన్నా నాగప్ప చెప్పినట్టు లోపలికి పోతాంటే మనకింత కూర దొరికేది" అని అమ్మ కూడా సణిగింది. జాగాలో కమిటీవాళ్లు షెడ్లు వేసుకున్నారు. అత్త ధర్మవరంలో కూతురింటికి చేరి, మగ్గాలకు దారం కండెలు చుట్టుకుంటూ బతికింది. ఒకసారి చూడబోతే తోట ఊసే ఎత్తలేదు. అమ్మ తనను ఎప్పుడైనా తలుచుకుంటుందా అని మాత్రం అడిగింది. అత్త పోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు నేను పనిచేసే బడిలో ఏ నిర్ణయం తీసుకోవాలన్నా హెడ్మాస్టరు ముందు నన్ను పిలుస్తాడు. మీరు మిగతా లేడీస్ లాంటివారు కాదు మేడమ్, మీరొక్కరు లోపలికొస్తే చాలంటాడు. నేనూ బయటే ఉంటాను సార్ అని వరండాలో మిగతా టీచర్ల పక్కన నిలబడతాను. లోపల వాళ్ల ఇష్టమొచ్చినట్టు తీర్మానించుకుంటారు. తలుపు తెరుచుకున్నాక ఆ టీచర్లు నన్నే తప్పుపడతారు, నువ్వన్నా లోపలుంటే బాగుండేదని. అచ్చం మా అమ్మ గొంతే.