రిజిస్టర్‌లో లేని కుక్క

ఒట్టు. నా రెండు కళ్ల మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి.

డెబ్బైల్లో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో గుమాస్తాగా చేశాను. మా సైరన్ మోగితే పక్క ఊరు ముత్తంగిలో బర్రెలు రెండు రోజులు పాలు చేపేవి కావు. ఆవరణ వెనుక ఒక రేకుల షెడ్డు ఉండేది. కొత్త మందులు మనుషులకు ఇవ్వకముందు అందులోని కుక్కల మీద పరీక్షించేవారు. వచ్చిన కుక్కలు మొదటి వారం మొరిగేవి. తర్వాత మొరిగేవి కావు. ఎందుకని నేను అడగలేదు.

నా పని రిజిస్టర్. నెలకోసారి దాని నకలు సంగారెడ్డిలోని సర్కారు ఆఫీసుకు వెళ్లాలి. గళ్లు మూడే: వచ్చినవి, ఉన్నవి, ఖర్చు. చచ్చినవన్నీ ఖర్చే. ఎలా చచ్చాయో రాయడానికి గడి లేదు. పరీక్షల పట్టిక ముందే చేతికొచ్చేది కనుక, ఆ వారం చావబోయేవాటిని కూడా సోమవారం పొద్దున్నే ఖర్చు రాసేసి చేతులు దులుపుకునేవాణ్ణి.

ఒక సోమవారం కొండాపూర్ నుంచి గొర్లు కాసే ముసలమ్మ గేటు దగ్గరికి వచ్చింది. చెవి చినిగిన తన ఎర్ర కుక్కను ఎవరో పట్టుకొచ్చి ఇక్కడ అమ్మారట.

"సంగారెడ్డి ఆఫీసుకు వోయిన బిడ్డా. కాయితం ఉన్నది గని నీకు సూపెట్టం పో అన్నరు. నా కుక్క కాయితం నాకు గాకుంటె ఇంకెవలికి సూపెడ్తరు?"

అంతలో తనిఖీ జీపు వచ్చింది. ఆఫీసరు ఎప్పుడూ మేనేజరు గదిలో టీ తాగి, సంతకం పెట్టి వెళ్లేవాడు. షెడ్డు వైపు తొంగి చూసింది లేదు. ఆమె జీపుకు అడ్డం నిలబడింది. ఆయన దిగి నన్ను రిజిస్టర్ తెమ్మన్నాడు.

తెరిచాను. ఎరుపు, చెవి చినిగింది. దాని ఎదురుగా నా చేతిరాతే, ఆ పొద్దుటి సిరా.

"ఖర్చయిందమ్మా," అన్నాను.

"ఖర్చు అంటె ఏంది? ఉప్పా, పప్పా?"

ఆమె రెండు వేళ్లు నోట్లో పెట్టి మందను మళ్లేసే ఈల వేసింది. ఎన్నాళ్లుగానో నోరు మెదపని షెడ్డులోంచి ఒక్క కుక్క మొరిగింది.

"ఇన్నరా సారూ! గదే నా కుక్క!"

ఆఫీసరు షెడ్డు వైపు చూశాడు. రిజిస్టర్ వైపు చూశాడు.

"రికార్డులో లేదు కదమ్మా. లేనట్టే," అన్నాడు. నిలబడ్డచోటే సంతకం గీకి జీపెక్కాడు.

అప్పుడు తట్టింది నాకు. కాగితంలో లేని కుక్క పోతే అడిగేదెవరు? భోజనం సైరన్‌కు అందరూ క్యాంటీన్‌కు పోగానే షెడ్డు తలుపు తీశాను. ఎర్ర కుక్క నా నెత్తి మీదుగా దూకి, ప్రహరీ దూకి, ముసలమ్మ కన్నా ముందే కొండాపూర్ చేరింది.

ఇక చెప్పేస్తాను. తలుపు దాకా వెళ్లిన మాట నిజం. తాళంచెవి జేబులోనే ఉంది. తలుపు సందుకు ముక్కు ఆనించి అది నన్ను వాసన చూస్తున్న చప్పుడు వినిపించింది. ఉద్యోగం గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాను. తలుపు తీయడం, గోడ దూకడం నేను కల్పించినవి. బర్రెల సంగతి కూడా కల్పనే, అది వేరే.

గురువారానికి నేను రాసింది నిజమైంది. ముసలమ్మ శనివారం దాకా గేటు బయట ఈల వేస్తూనే ఉంది.