ఇరవై మూడో కిటికీ

గియాసుద్దీన్ క్రాంజీలోని ఒక వర్క్‌షాప్‌లో భవనాల నమూనాలు చేస్తాడు. మెదక్ నుంచి సింగపూర్ వచ్చి ఇరవై ఆరేళ్లయింది. అతని తండ్రి పాత కోటగోడలు బాగుచేసే మేస్త్రీ. గోడలను చూసే కన్ను తండ్రి నుంచే వచ్చింది.

నిరుడు ఒక ప్రదర్శన కోసం అతనికి కొత్త పని వచ్చింది. స్కాట్లాండ్‌లో ఆరువందల ఏళ్ల కిందటి కోట ఒకటుంది. యుద్ధాలు ఆగిపోయాక ఆ కోట దొరలు దాన్ని విలాసంగా ఉండే ఇల్లుగా మార్చుకున్నారు. కందకం పూడ్చి పచ్చిక వేశారు, బాణాలు వదిలే సందుల్ని పెద్ద కిటికీలు చేశారు, సైనికులు పడుకునే హాల్లో నాట్యాలు పెట్టారు. దాని నమూనా కావాలి.

ఫొటోలు చూసి బయటి గోడలు, ప్లాన్లు చూసి లోపలి గదులు తయారు చేశాడు. భార్య నసీమా పాత దుపట్టా కత్తిరించి, ప్లాన్లలో ఉన్న కిటికీలన్నిటికీ వేలెడంత పర్దాలు కుట్టింది. ఒక ఆదివారం వర్క్‌షాప్‌కి వచ్చి అతికిస్తూ ఆగిపోయింది.

"ఇగో, ఒక పర్దా తక్కువైంది. నేనైతే ఇరవై రెండూ కుట్టిన."

గియాసుద్దీన్ లెక్కపెట్టాడు. లోపల ఇరవై రెండు, బయట ఇరవై మూడు. ఆ ఎక్కువైన సన్నటి కిటికీ భోజనాల గదికీ లైబ్రరీకీ మధ్య గోడ ఉన్నచోట పడింది. ప్లాన్ తీసి చూస్తే మిగతా గోడల మందం ఐదడుగులు, అదొక్కటే తొమ్మిదడుగులు.

మర్నాడు ప్రదర్శన పనులు చూసే విశాఖ అమ్మాయి మహతికి ఫోన్ చేశాడు.

"ప్లాన్‌లో తప్పు పడుంటుంది అంకుల్. ఆ కిటికీ మూసేయండి, టైం లేదు."

"తప్పైతే మూసేస్త బిడ్డా. కానీ ఒట్టి గోడ మందానికి కిటికీ ఎందుకు పెడ్తరు? లోపల మనిషి తిరిగే జాగా ఉన్నట్టుంది. ఒక్కసారి ఆ ఇంటోళ్లను అడుగు."

మహతి నిట్టూర్చింది గానీ అడిగింది. ఎనభై దాటిన కోట యజమానురాలికి అది భలే సరదాగా తోచింది. రెండు రోజుల తర్వాత సాయంత్రం ముగ్గురూ వీడియో కాల్‌లో కలిశారు. అక్కడ అప్పుడే ఉదయం. ఆమె చేతికర్రతో లైబ్రరీ గోడను కొట్టుకుంటూ వెళ్లింది. పుస్తకాల అల్మారా వెనక చప్పుడు మారింది.

"అదే, అదే!" అన్నాడు గియాసుద్దీన్, కుర్చీలోంచి లేచిపోయి.

ఆమె ముందే పిలిపించి ఉంచిన వడ్రంగి వచ్చి అల్మారా వెనక చెక్క పలక ఊడదీశాడు. లోపల గోడలోనే చుట్టు తిరుగుతూ రాతిమెట్లు కిందికి దిగాయి. టార్చి పట్టుకుని దిగిన వడ్రంగి కాసేపటికి వంటింటి వెనక నుంచి కేక వేశాడు.

ముసలావిడ పగలబడి నవ్వింది. "చిన్నప్పుడు నా సూపు ఎప్పుడూ చల్లారిపోయే వచ్చేది! వంటింటి నుంచి ఇల్లంతా చుట్టి తెచ్చేవాళ్లు. మెట్లేమో ఇక్కడున్నాయి!"

"అయ్యబాబోయ్ అంకుల్," అంది మహతి, "నేను మూసెయ్యమన్నానే!"

"నువ్వు అడిగినవ్ కాబట్టే దొరికినయ్ తల్లీ," అన్నాడతను.

తర్వాత తొమ్మిది రోజులు తీరిక లేదు. వడ్రంగి పంపిన కొలతలతో నలభై ఒక్క మెట్లు చెక్కాడు. మధ్య గోడను తలుపులా తెరిచి చూసేలా మార్చాడు. సింగపూర్ ఎక్స్‌పో హాల్లో ప్రదర్శన మొదలైన రోజు అన్నిటికన్నా ఎక్కువమంది ఆ బల్ల చుట్టూనే చేరారు. స్కూలు పిల్లలు గోడ తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. "అంకుల్, ఈ గోడలు సో థిక్ లా, ఇంత మందం ఎందుకు?" అని ఒక తెలుగు పిల్ల అడిగింది.

"ముందు శత్రువులకు భయపడి కట్టిన్రు. భయం పోయినంక కిటికీలు పెద్దగ చేసుకున్రు," అన్నాడు.

బల్ల మీది పేర్ల పలకపై అతని పేరు, దాని పక్కనే నసీమా పేరు ఉన్నాయి. అలా రాయమని మహతికి చెప్పింది అతనే. నసీమా ఆ పలక ముందు నిలబడి నాలుగు ఫొటోలు తీయించుకుంది. మొదటి మూడింటిలో కళ్లు మూసుకుపోయాయి.