ప్రెసిడెంటును దించిన మాట

రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసే తెలుగువాళ్లలో పోలయ్య మాటంటే మాటే అని పేరు. భీమిలి దగ్గర పల్లె వదిలి ఓడెక్కినప్పుడు అతనికింకా మీసమైనా రాలేదు. ఇప్పుడు భుజాలు కాయలు కాశాయి, జుట్టు నెరిసింది. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా తమ్ముడు బుల్లియ్య, మరదలు చిలకమ్మ. ముగ్గురూ రేవు వెనక కూలీల బసలో ఒకే గదిలో ఉండేవారు.

1927లో కూలీలంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. చదువుకున్నవాళ్ల సంఘాలకు కాగితాల మీద నిబంధనలుంటాయి. వీళ్లకు తలపాగాయే నిబంధన. ప్రెసిడెంటును ఎన్నుకున్నాక గుంపులో పెద్దవాడు అతని తలకు పాగా చుట్టాలి. దించాలంటే ఆ పెద్దవాడే సభలో నిలబడి, ఏ తప్పుకు దించుతున్నాడో చెప్పి, అందరూ చేతులెత్తాక విప్పాలి. అలా చెప్పిన తప్పు తరవాత వచ్చే ప్రెసిడెంటు చెయ్యకూడదు. ఊళ్లోని కట్టుబాటునే ఓడలో వెంట తెచ్చుకున్నారన్నమాట. మొదటి ప్రెసిడెంటు లింగరాజుకు పాగా చుట్టింది పోలయ్యే.

లింగరాజు మంచి మాటకారి. ఆ మాటకారితనమే కొంప ముంచింది. బస్తాల కట్టలను ఓడమీదికి లేపే మోకులు పీచులు తేలిపోయాయని కూలీలు గోల పెడుతుంటే, ఈ పెద్దమనిషి కూలీలను పనిలోకి పిలిచే మేస్త్రీ వరండాలో కుర్చీ వేయించుకుని, పాత మోకులతోనే పని చేయడానికి సంఘం ఒప్పుకుందని మాటిచ్చేశాడు. సంఘంలో ఒక్కణ్ణీ అడిగిన పాపాన పోలేదు. వారం తిరక్కుండా మోకు తెగింది. బస్తాలు బుల్లియ్య మీద పడ్డాయి. ఆస్పత్రిలో అతని కాలు మోకాలి కిందనుంచి తీసేశారు.

లింగరాజును దించాల్సిందేనని పోలయ్య పట్టుబట్టాడు. ఆదివారం మధ్యాహ్నం సభ. బయల్దేరుతుంటే చిలకమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"బావా, మోకు మాట సెప్పు. ఆడి మీద కచ్చతో సెప్పమనట్లేదు. పోయిన కాలు ఎలాగూ రాదు. రేపొచ్చీ పెసిడెంటైనా మిమ్మల్ని అడక్కండా మాటిచ్చీకండా ఉండాల."

"సెప్తానమ్మా," అన్నాడు పోలయ్య.

సభ దగ్గర కన్నారావు అతణ్ణి పక్కకు లాగాడు. లింగరాజు కుర్చీ మీద ఎప్పుడో కన్నేసినవాడు ఇతను.

"మావా, మోకు మాటెత్తితే మేస్త్రీకి ఎదురెల్లినట్టే. రేపు పన్లోకి పిలవడని సగంమంది సెయ్యెత్తరు. లింగరాజు చిమిండైంగ్‌లో బర్మా మనిసింట్లో కూడు తింతన్నాడు గదా, ఆ మాట సెప్పు. అందరూ ఎత్తుతారు. ఏ మాటైతేనేటి, ఆడు దిగితే సాలదా?"

రంగూన్‌లోనే ఉన్న ఆ చిమిండైంగ్ బజారులో బర్మా ఆడవాళ్లు వండే చేపల పులుసు లొట్టలేసుకుంటూ తాగనివాడు ఆ సభలో ఒక్కడూ లేడు. ఆ సంగతి పోలయ్యకూ తెలుసు. ఎవడు ఎవరింట్లో తింటే సంఘానికేం నష్టం? సంఘం నోటితో అబద్ధమాడినవాణ్ణి కదా దించాలి! కానీ చేతులు చాలకపోతే? లింగరాజు అదే పాగాతో మళ్లీ మేస్త్రీ వరండా ఎక్కితే?

లేచి నిలబడ్డాడు. "లింగరాజు మనకి కాని ఇంట్లో కూడు తిన్నాడు. అందుకు దించుతన్నాను."

చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. మోకు మాట ఎప్పుడొస్తుందా అని అంతవరకూ బిగుసుకుపోయి కూర్చున్న లింగరాజు, గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుని తనే తల వంచాడు. పోలయ్య పాగా విప్పాడు. చేసిన పని తప్పని అప్పుడే తెలిసింది. అప్పటికే జనం కన్నారావుకు జై కొడుతున్నారు.

ఇంటికెళ్లేసరికి ఆ సంగతి చిలకమ్మకు తెలిసిపోయింది. అన్నం పెట్టి మొహం తిప్పుకుంది.

వానలు వెళ్లాక ట్వంటే కాలవ వైపునుంచి ధాన్యం పడవలు బారులు తీరాయి. కొత్త మోకులు మాత్రం రాలేదు. కొత్త ప్రెసిడెంటు కన్నారావు కూడా పాత మోకులకే మేస్త్రీకి మాటిచ్చాడని విని పోలయ్య మండిపడుతూ వెళ్లాడు.

"సంఘాన్ని అడక్కండా మాటిచ్చీసినావేటిరా? నిన్నూ దించీగలం!"

కన్నారావు నింపాదిగా అన్నాడు. "ఏ తప్పుకి మావా? నాను ఎవులింటా కూడు తిన్లేదు. మోకు మాటిచ్చినందుకు లింగరాజుని దించినావేటి? ఆడికి తప్పు కానిది నాకు తప్పెలాగవుతాది?"

ఓడ దగ్గర మేస్త్రీ కేకేశాడు. బుల్లియ్య పనిచేసిన చోటికి ఒక మనిషి కావాలి. కూలీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోలయ్య ఎవరినీ పొమ్మనలేదు. తనే వెళ్లి ఆ పాత మోకు కింద నిలబడ్డాడు.